తలగుడ్డలు కట్టిన చెయ్యి

మా అత్త బురుల్ నోరు పెద్దది కాదు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఆవిడ చేసిన పని విన్నవాళ్ళంతా ఏదో గయ్యాళి అనుకుంటారు. గయ్యాళి అయితే ఎంత బాగుండేది. గయ్యాళి చేతిలోంచి ఆడపిల్ల ఎలాగోలా పారిపోగలదు. మా అత్త మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. ఆ చేత్తోనే మా కరబులాక్‌లోనూ చుట్టుపక్కల నాలుగూళ్ళలోనూ పదకొండుమంది ఆడపిల్లల నెత్తిన తెల్ల తలగుడ్డ కట్టింది. అందులో నేను ఆరోదాన్ని.

మా దగ్గర పిల్లని ఎత్తుకొచ్చే పద్ధతి ఉంది. చట్టం ఒప్పుకోదు, మతమూ ఒప్పుకోదు, అయినా ఉంది. దారిన పోయే పిల్లని నలుగురు మగపిల్లలు కార్లో వేసుకొచ్చి ఇంట్లో తెర వెనక కూచోబెడతారు. అక్కడితో మగాళ్ళ పని అయిపోయింది. మిగతాదంతా ఆడవాళ్ళదే, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ. నెత్తిన తలగుడ్డ నిలిచిందా, పెళ్ళి కుదిరినట్టే. పిల్ల పీకి పారేస్తుంది, వీళ్ళు మళ్ళీ కడతారు. ఇంట్లో అందరికంటే పెద్ద ముసలావిడ వచ్చి గడప మీద అడ్డంగా పడుకుంటుంది. పెద్దావిడని దాటి వెళ్ళిన పిల్లకి శాపం తగులుతుందనీ, కడుపు పండదనీ మాకు ఉగ్గుపాలతో పోసిన నమ్మకం.

మిగతా ఆడవాళ్ళు అరుస్తారు, చేతులు పట్టుకుంటారు. అత్త అలా కాదు. టీ గిన్నె పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడేది. "ఏడవ్వే తల్లీ, బాగా ఏడు. నేనూ ఏడ్చాను" అనేది. "రాయి పడ్డ చోటే బరువమ్మా, నువ్విక్కడ పడ్డావు, ఇక్కడే బరువుగా ఉండు" అనేది. అది మా పాత సామెత. "పిల్ల మూడుసార్లు గుడ్డ పీకేస్తుందే సబీరా, నాలుగోసారి దానికి చెయ్యి లేవదు. ఆ నాలుగోసారి దాకా ఓపిక పట్టడమే పనితనం" అని నాతోనే చెప్పింది ఒకసారి, రొట్టెల పిండి ఎంతసేపు నాననివ్వాలో చెప్పినంత మామూలుగా. నాకు కట్టిన నాలుగేళ్ళకి నాతోనే చెప్పింది, అదీ వరస. పొరుగూళ్ళవాళ్ళు ఆవిడ కోసం కారు పంపేవాళ్ళు.

నా సంగతి చెప్తాను, కొంచెమే. కరకోల్‌లో నర్సు చదువు రెండో ఏడు. శనివారం ఇంటికి పోదామని బస్సు కోసం నించున్నాను. మా అత్త కొడుకు తాలాయ్, వాడి స్నేహితులు ముగ్గురూ తెల్ల జిగులీ కార్లో వచ్చారు. తాలాయ్‌ని అంతకుముందు ఒక పెళ్ళిలో చూశాను, సరిగ్గా పేరు కూడా తెలీదు. మూడుసార్లు పీకేశాను గుడ్డ. నాలుగోసారి నాకూ చెయ్యి లేవలేదు. మా అమ్మానాన్నా రాలేదు. కబురు మాత్రం వచ్చింది, "వెళ్ళిన చోట మంచిగా ఉండమను" అని.

నా మొగుడు చెడ్డవాడు కాదు. తాగి కొట్టడు, లారీ నడుపుతాడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే నలుగురిలో తిట్టుకోడానికైనా ఉండేది. మంచివాడితో కాపురం చేస్తూ, పొద్దున లేచి ఆప్రికాట్లు ఎండబోస్తూ, లోపల్లోపల మండిపోతూ ఉంటే నిన్నెవరు నమ్ముతారు? కూతురు పుట్టింది, పెరిజాత్ అని పేరు పెట్టుకున్నాం. అందరూ "చూశావా, ఎంత బాగా సర్దుకుపోయిందో" అన్నారు. సర్దుకుపోవడమంటే ఏమిటో అన్నవాళ్ళకి తెలిస్తేగా.

తొమ్మిదో పిల్ల పేరు గుల్‌కాయిర్. మా వీధి చివర ఇల్లే. పద్దెనిమిదేళ్ళు, పాటలు పాడేది. ఆ పిల్ల మూడుసార్లు కాదు, ఏడుసార్లు పీకేసింది. అత్త ఆ రోజు సాయంత్రం అలిసిపోయి వచ్చి కాళ్ళు బారజాపుకుని "అమ్మో, గట్టి పిల్ల" అంది. ఆ ఏడాది మార్చిలో గుల్‌కాయిర్ సరస్సులోకి నడిచి వెళ్ళిపోయింది. మా సరస్సు చలికాలంలో కూడా గడ్డకట్టదు. ఒడ్డున గొర్రెలు మేపుకునేవాళ్ళు చూశారట, స్నానానికి దిగుతోందనుకున్నారట.

ఊరంతా ఏమన్నారంటే, నుదుటిరాత. పిల్ల తల్లి అదే అంది, మొగుడు అదే అన్నాడు, పరామర్శకి వెళ్ళిన మా అత్తా అదే అంది. ఆ తర్వాత కూడా మరో ఇద్దరికి కట్టింది. ఇది నేను దాచను. ఆవిడే దాచలేదు, నేనెందుకు దాచాలి?

ఇక ఫ్రీదా సంగతి. ఏటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మా అత్త కరకోల్ బజారులో ఎండు ఆప్రికాట్లు అమ్మేది. పక్క బల్ల ఫ్రీదాది. పులియబెట్టిన క్యాబేజీ, ఉప్పు దోసకాయలు అమ్మేది. జర్మన్ మనిషి. వాళ్ళవాళ్ళంతా జర్మనీ వెళ్ళిపోతే ఈవిడొక్కతే ఉండిపోయింది, "నా దోసకాయలకి అక్కడి నీళ్ళు పడవు" అని. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల మీద తినేవాళ్ళు. ఫ్రీదా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది, మా అత్త "తొందరగా కానివ్వవే, నీ దేవుడికి ఆకలెయ్యదేమో గానీ నాకేస్తోంది" అని ఏడిపించేది. ఏడెనిమిదేళ్ళు అలాగే గడిచాయి. ఫ్రీదా ఎప్పుడూ తమ ప్రార్థన ఇంటికి రమ్మని అనలేదట. అని ఉంటే మా అత్త ఆ మర్నాడే బల్ల మార్చేసేది.

ఒకరోజు, ఎందుకొచ్చిందో గానీ, గుల్‌కాయిర్ మాట వచ్చింది. మా అత్త మొత్తం చెప్పింది. ఏడుసార్లు పీకెయ్యడం, తను ఎనిమిదోసారి కట్టడం, మార్చి నెల, సరస్సు. చెప్పి చివర్న ఎప్పటిలాగే "ఏం చేస్తాం, దాని నుదుటిరాత" అంది. ఎవరితో అన్నా "అంతేలే" అంటారు కదా, ఫ్రీదా అలా అనలేదు. చేతిలో రొట్టె కింద పెట్టి, "రాత కాదు బురుల్. పాపం. నువ్వు చేశావు" అంది.

మా అత్తకి ఒళ్ళు మండిపోయింది. బుట్టలు ఎత్తుకుని మాంసం కొట్ల దగ్గరికి వెళ్ళి కూచుంది. ఈగల మధ్య ఎండు ఆప్రికాట్లు ఎవరు కొంటారు? రెండు వారాలు బేరాల్లేవు. ఇంటికొచ్చి ఫ్రీదాని పంది మాంసం తినేది అని తిట్టిపోసింది. మూడో వారం వెళ్ళి దాని బల్ల ముందు నించుని "ఆ మాట మళ్ళీ అను" అందట.

"ఏ మాట?"

"నేను చేశానన్నావే, అది."

"నువ్వు చేశావు" అంది ఫ్రీదా. "కానీ క్షమించేవాడున్నాడు."

ఈ ముక్క నాకు ఆవిడే చెప్పింది చాలా రోజుల తర్వాత, బంగాళాదుంపలు తవ్వుతుంటే. "తొమ్మిదేళ్ళు నన్నెవ్వరూ తప్పు చేశావనలేదే సబీరా. రాత, రాత అన్నారు. రాతని క్షమించడానికి లేదు కదా. రాతకి ఎవడు జవాబుదారీ? పాపమైతే క్షమించొచ్చు. ఫ్రీదా అది పాపమని చెప్పినప్పుడు మొదటిసారి ఊపిరాడింది" అంది. నేను పార పక్కకి తిప్పి "ఆ దుంప తెగింది చూసుకోండి" అన్నాను.

అత్త ఏసుని నమ్ముకున్న సంగతి మాకు వ్యాను డ్రైవరు చెప్పాడు. "మీ అత్త ఆదివారం ఆదివారం కరకోల్‌లో ఆ ప్రార్థన ఇంటి దగ్గర దిగుతోంది తెలుసా" అని పళ్ళికిలించాడు. జూన్‌లో ఆవిడకి బాప్తిస్మం ఇచ్చారు. సరస్సులోనే ఇచ్చారు. అది విని నాకు తిక్క రేగింది.

"ఆ పిల్ల మునిగిన నీళ్ళల్లోనే మునిగారా అత్తయ్యా, మనసెలా ఒప్పింది?" అన్నాను.

"అక్కడ కాకపోతే ఇంకెక్కడ మునగాలే నేను?" అంది.

 ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది.

ఊరు ఊరుకుంటుందా? వంద ఎలుకల్ని తిన్న పిల్లి హజ్‌కి పోయిందంట అని నవ్వారు. విందులకి పిలవడం మానేశారు. ఒకవేళ వెళ్ళినా ఆవిడ చేసుకెళ్ళిన పళ్ళెం ఎవరూ ముట్టుకోలేదు. మా ఆయన తల్లితో ఒక చలికాలమంతా మాట్లాడలేదు. మా ఊరి మసీదు పెద్దాయన మాత్రం, ఆయన మంచివాడు, ఇంటికొచ్చి టీ తాగి "మనిషి ఏడుస్తోందంటే లోపల ఏదో కడుక్కుంటోంది, వదిలెయ్యండి" అని వెళ్ళాడు. వదల్లేదు గానీ, కొంచెం తగ్గించారు.

అప్పుడు మొదలుపెట్టింది ఆ తిరుగుడు. నేను కాక తను తలగుడ్డ కట్టిన మిగతా పదిమంది ఇళ్ళకీ వెళ్ళింది, గుల్‌కాయిర్ బదులు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. ఒట్టి చేతుల్తో వెళ్ళి గుమ్మంలో నించుని "నీకు నేను చేసింది పాపం, నన్ను క్షమించు" అనేది. ఒకావిడ పడీ పడీ నవ్వింది: "పిన్నీ, ఐదుగురు పిల్లలు, పాతిక గొర్రెలు, ఇప్పుడా అడిగేది? లోపలికొచ్చి టీ తాగు." ఒకావిడ గిన్నెలు కడిగిన నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోసింది. ఒకావిడ, దూరాన తామ్గా ఊళ్ళో ఉంటుంది, మా అత్తని పట్టుకుని గంట సేపు ఏడ్చిందట. గుల్‌కాయిర్ తల్లి తలుపు తియ్యలేదు. మా అత్త ఆ తలుపు ముందు మంచులో సాయంత్రం దాకా నించుని వచ్చింది. తర్వాత వారం మళ్ళీ వెళ్ళింది. ఆరో వారం తలుపు తీసింది ఆ తల్లి. ఏమనుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు.

నా దగ్గరికి ఆఖర్న వచ్చింది. ఒకే పొయ్యి, ఒకే గిన్నెలు, నా దగ్గరికి రావడానికి ఆవిడకి ఎనిమిది నెలలు పట్టింది. ఈస్టరుకి ముందు శుక్రవారం అది. నేను నూడుల్స్‌కి పిండి ఒత్తుతున్నాను.

"సబీరా, నిన్ను నా ఇంటికి తెచ్చుకోడానికి నీ కాళ్ళు విరగ్గొట్టాను. నాకది పాపమని అప్పుడూ తెలుసు. నన్ను క్షమించానని ఒక్క మాట అనమ్మా. అనాలని లేకపోతే అనకు. నేను అడుగుతూనే ఉంటాను."

"పిండి ఆరిపోతోంది అత్తయ్యా, జరగండి" అన్నాను.

జరిగింది. మరుసటేడు అదే శుక్రవారం మళ్ళీ అడిగింది. ఆ తర్వాతేడు మళ్ళీ. ఐదేళ్ళు అడిగింది, ఏడాదికి ఒక్కసారే, విసిగించకుండా. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. పాలు పొంగుతున్నాయన్నాను, తలనొప్పన్నాను, ఒకసారి మొహం మీదే నవ్వాను. అంతా తెలిసే చేశాను. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ కోపం ఒక్కటే. మిగతాదంతా వాళ్ళది, చివరికి నా పిల్ల ఇంటిపేరు కూడా. ఉన్న ఒక్కటీ అడిగిందని ఇచ్చేస్తే ఇంక నాకేం మిగుల్తుంది? అలా అనుకునేదాన్ని. ఎంత బుద్ధి తక్కువదాన్నో చూడండి.

పెరిజాత్ నేను వదిలేసిన చదువే చదవడానికి కరకోల్ వెళ్ళింది. నాయనమ్మ దాన్ని వదిలేది కాదు, ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక హాస్టలుకి వెళ్ళి ఉడకబెట్టిన గుడ్లు ఇచ్చి వచ్చేది. "నాయనమ్మా, హాస్టల్లో నన్ను గుడ్ల పెరిజాత్ అంటున్నారు" అని పిల్ల నవ్వేది.

రెండో ఏడు అక్టోబరులో, మిట్టమధ్యాహ్నం ఫోను వచ్చింది. అవతల ఎవరో ఆడమనిషి. "మీ అమ్మాయి మా ఇంట్లో ఉంది, క్షేమంగా ఉంది, కంగారు పడకండి. మా పెద్దలు బయల్దేరారు" అంది. మా ఊరికి ఆరు మైళ్ళ అవతల ఊరు.  మా ఆయన లారీ కింద ఉన్నాడు, బయటికి రమ్మంటే చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

గంటన్నరలో వచ్చేశారు. ఇద్దరు ముసలాళ్ళు, ఒక ఆడమనిషి, కారు వెనక ఒక గొర్రె. ఇలా వచ్చేవాళ్ళని మేం కోపం చల్లార్చేవాళ్ళు అంటాం. గుమ్మం బయటే తల వంచి నించున్నారు. "తప్పు మాది. మీ ముందు తల వంచాం. క్షమించండి" అన్నారు. అదంతా వరస, అందరికీ నోటికొచ్చిన మాటలే. గొర్రెని తీసుకుంటే పిల్ల అక్కడే ఉండిపోయినట్టు. తీసుకోకపోతే మేం వెళ్ళి పిల్లని తెచ్చుకోవాలి, తెచ్చుకున్న పిల్లని వెనక్కొచ్చిన పిల్ల అంటారు, ఆ పేరు పోదు.

మా ఆయన నా మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్పు" అన్నాడు. ఆయనలో నాకు అప్పుడు కనపడింది భయం. వద్దంటే వద్దనేవాడు. ఆ ఒక్క క్షణం అంతా నా చేతిలోనే ఉంది. నాకు మాత్రం ఊళ్ళోవాళ్ళ మొహాలు కనపడ్డాయి, పిల్లవాడి తండ్రికి పెట్రోలు బంకు ఉందని ఎవరో అన్న మాట వినపడింది, మా అమ్మ పంపిన కబురు గుర్తొచ్చింది. నా నోట్లోంచి ఎలా వచ్చిందో, "జరిగిందేదో జరిగింది. క్షమించాం" అన్నాను.

మా ఆయన గొర్రె తాడు అందుకున్నాడు. వచ్చినావిడ నన్ను కావలించుకుంది.

మా అత్త వెనక పెరట్లో వాల్‌నట్లు దులుపుతోంది. లోపలికొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు, మావాళ్ళు గొర్రెని కోసేశారు కూడా. చేతులకి వాల్‌నట్ నలుపు. అన్నీ చూసింది.

"పెరిజాత్‌నేనా ఎత్తుకెళ్ళింది?"

తలూపాను.

"ఏమన్నావు వాళ్ళతో?"

"క్షమించామన్నాను."

నా వంక చూసింది. దెప్పుతుందేమో అనుకున్నాను. దెప్పినా బాగుండేది. "ఐదేళ్ళ నుంచి అడుగుతున్నా నా మొహాన కొట్టిన మాట వాళ్ళకి ఒక్క పూటలో ఇచ్చేశావా" అనొచ్చు కదా. అనలేదు. ఆ లెక్క నా అంతట నాకే తట్టింది, అప్పుడే, అక్కడే. ఆవిడ రబ్బరు జోళ్ళు తొడుక్కుని రోడ్డు మీదికి వెళ్ళి వ్యాను ఆపింది. డెబ్బై ఒకటో ఏడు అప్పుడు. నేను వెనక వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

అక్కడ జరిగింది తర్వాత నలుగురి నోటా విన్నాను. తెర వెనక పెరిజాత్ రెండుసార్లు గుడ్డ పీకేసి కూచుంది. పిల్లవాడి ముత్తవ్వ, ఎనభై దాటిన మనిషి, గడప మీద పడుకుని ఉంది. మా అత్తని చూసి ఇంట్లోవాళ్ళు మొదట సంబరపడ్డారట. బురుల్ వచ్చింది, ఇంక పిల్ల కదలదు, చేతివాటం ఉన్న మనిషి అని. లోపలికి దారిచ్చారు. ఈవిడ లోపలికి వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూలబడి, "నీకు చలేస్తుందక్కా, నేనూ వస్తున్నా" అని ఆ ముసలమ్మ పక్కనే గడప మీద పడుకుంది. ఆ ముసలమ్మకి ఏం చెయ్యాలో తెలియక కొంచెం జరిగి చోటిచ్చిందట.

పడుకుని, పెరిజాత్‌ని పిలిచింది. "లే తల్లీ. నన్ను దాటి రా. ఈ అక్క ఏ శాపం పెట్టినా అది నా మీద పడుతుంది. నేను మోసుకుంటాను. నేను నీ సొంత నాయనమ్మని, నా మీదుగా నడిచి వచ్చినవాళ్ళకి నా దీవెన."

ఇల్లంతా గోల. "మతం చెడింది, బుద్ధీ చెడింది దీనికి" అని ఒకావిడ జుట్టు పట్టుకుని ఈడ్చబోయింది. ముసలమ్మే వారించింది, "ముట్టుకోకండే, పెద్దమనిషి" అని. పెరిజాత్ లేచింది.  ఇద్దరు ముసలమ్మలనీ దాటి వాకిట్లోకి వచ్చింది. మా అత్త లేవలేకపోతే వెనక్కి తిరిగి చెయ్యి అందించి లేపింది.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును, నేను కథ ఇంకోలా చెప్పుకునేదాన్ని. వాళ్ళిద్దరూ ఇంటికి వచ్చారు, చదువు కాగితాలు తీసుకుందామని. వాకిట్లో కుండలో గొర్రె ఉడుకుతోంది. బంధువులు నలుగురు చేరి ఉన్నారు. పెరిజాత్ ఒకసారి కుండ వంక చూసింది, నా వంక చూసింది.

"ఇది ఎక్కడిదమ్మా?"

 వాళ్ళ నాన్న తల దించుకున్నాడు. పిల్ల ఇంక అడగలేదు. లోపలికి వెళ్ళి కాగితాలు, కోటు తెచ్చుకుంది. "నాయనమ్మా, పద" అంది. ఇద్దరూ ఫ్రీదా ఇంటికి వెళ్ళిపోయారు. పెళ్ళివాళ్ళకి ఇంకో గొర్రె కొని తిప్పి పంపాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పెరిజాత్ ఆ తర్వాత మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. నాన్నతో ఫోన్లో మాట్లాడుతుంది. నేనెలా ఉన్నానో అడుగుతుంది, అడగదని కాదు.

అత్త అక్కడే ఉండిపోయింది, పిల్లకి వండి పెడుతూ, ఫ్రీదాతో దోసకాయలు అమ్ముతూ. బంగాళాదుంపల కోసం, జామ్ కోసం మా ఊరొచ్చేది. ఆ మరుసటేడు ఈస్టరుకి ముందు శుక్రవారం కూడా వచ్చింది. నేను పొద్దున్నించీ కాచుక్కూచున్నాను. ఈసారి అడగ్గానే అనేద్దామని, మాట నాలిక చివర పెట్టుకున్నాను. ఆవిడ టీ తాగింది, దుంపలు సంచిలో పోసుకుంది, నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది, వెళ్ళిపోయింది. ఆ మాట అడగలేదు. అడక్కుండా అనడం నాకు చేతకాలేదు. మరుసటేడూ అంతే. ఎందుకు మానేసిందని పెరిజాత్‌ని ఫోన్లో అడిగితే, "నీ మీద ఇప్పుడు నీ బరువే చాలా ఉందంది నాయనమ్మ, తన బరువు కూడా వెయ్యకూడదంది" అని చెప్పింది.

మూడో ఏడు జనవరిలో, ఫ్రీదా వాళ్ళ వంటింట్లో గిన్నె తుడుస్తూ అత్త కూలిపోయింది. గుండె. మేం వెళ్ళేసరికే అయిపోయింది.

మా ఊరి శ్మశానంలో చోటు ఇవ్వం అన్నారు పెద్దలు. మతం మారిన మనిషి అని. మా ఆయన ఇంటింటికీ తిరిగాడు, అరవై ఏళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగిన మనిషి అని బతిమాలాడు. కుదర్లేదు. కరకోల్ చివర రష్యన్లనీ జర్మన్లనీ పాతిపెట్టే చోటే పాతిపెట్టారు. మా వాళ్ళలో ఆడవాళ్ళు సమాధి దగ్గరికి వెళ్ళరు, నేను అలా వెళ్ళడం అదే మొదలు. మంచు మోకాళ్ళ దాకా ఉంది. అత్త తలగుడ్డ కట్టినవాళ్ళలో ఆరుగురు వచ్చారు, కాళ్ళ మీద నీళ్ళు పోసినావిడతో సహా. గుల్‌కాయిర్ తల్లి వచ్చింది. మసీదు పెద్దాయన దూరంగా గేటు దగ్గర టోపీ పెట్టుకుని నించున్నాడు.

మా పద్ధతిలో, మట్టి ఇచ్చే ముందు ఒక మగమనిషి గట్టిగా అడుగుతాడు, ఈ మనిషి ఎలాంటిది అని. అందరూ ఒక్క గొంతుతో "మంచి మనిషి" అంటారు. చచ్చిపోయినవాళ్ళకి అది అక్కడ ఆసరా అవుతుందని. ఇక్కడ వాళ్ళు పాట పాడారు, పాస్టరు ఏదో చదివాడు, తర్వాత ఎవరైనా ఏమైనా చెప్తారా అన్నాడు. ఆ ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి, పెట్టె మీద చెయ్యి వేసి, చిన్నగా ఒకే మాట అన్నారు. "నిన్ను క్షమించాను బురుల్ పిన్నీ." గుల్‌కాయిర్ తల్లి ఏమీ అనకుండా చెయ్యి మాత్రం వేసి, చాలాసేపు తియ్యలేదు.

అందరూ నా వంక చూశారు. వెళ్ళాను. చెక్క చల్లగా ఉంది. గొంతులో ఉన్నదంతా కలిపి, "మంచి మనిషి" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరికీ వినపడేలా.

వెనక్కి వచ్చి పెరిజాత్ పక్కన నించున్నాను. అది కళ్ళు తుడుచుకుని, నా వంక చూడకుండా అంది.

"నాయనమ్మ నిన్ను అడిగింది అది కాదమ్మా."

కాదని నాకు తెలుసు. మగాళ్ళు అప్పటికే మట్టి వేస్తున్నారు.